పులుపు పడని రాయి: బేతంచెర్ల బండలతో మా ఇల్లు

అనంతపురంలో ఇల్లు కట్టుకున్నప్పుడు నేల మొత్తానికీ బేతంచెర్ల బండలే, అంటే నంద్యాల జిల్లా బేతంచెర్ల వైపు దొరికే సున్నపురాయి పలకలే వేయించుకున్నాం. కొన్ని ఎండాకాలాలు, కొన్ని వానాకాలాలు గడిచాక ఇక ధైర్యంగా చెప్పొచ్చు అనిపించి ఇప్పుడు రాస్తున్నాను. రాయికి ఐదుకు ఐదు మార్కులు. మాకు అమ్మినవాళ్లకు రెండు. పరిచిన మేస్త్రీకి ఐదూ ఇస్తాను, ఇంకోటి కలపమన్నా కలుపుతాను.

మా నాయన కొలిమిగుండ్ల చుట్టుపక్కల బండల గనుల్లో పనిచేసేవాడు. నేను హైస్కూల్లో సైన్స్ చెబుతాను. అందుకని ఈ రివ్యూలో సైజులు, పాలిష్ సంగతులతో పాటు ఆ రాయి పుట్టిన నేల గురించి కూడా చాలా రాస్తాను. బండను ఎలా ఎంచుకోవాలి, ఎలా పరిపించాలి, దేంతో తుడవాలి, ఎక్కడ వేయకూడదు అని నన్ను అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబు ఆ నేలలోనే ఉంది. అది తెలియకుండా కొన్నవాళ్లే ఏడాది తిరగకముందే బండలు పాడైపోయాయని బాధపడుతున్నారు.

మా వీధిలో అందరూ టైల్స్ వేయించుకోమనే చెప్పారు. మా చిన్నాయన కొడుకైతే పునాది రోజు నుంచీ పట్టుపట్టాడు. "యాలక్కా ఈ బండలు? టైల్స్ ఏపిచ్చుకో, అద్దం మాదిరి ఉంటాది. బండలు కొట్టానికి ఏస్తారు గానీ ఇంట్లోకి ఎవురేస్తారు?" అన్నాడు. వాడన్నదాంట్లో నిజం లేకపోలేదు. మా వైపు పశువుల కొట్టాల్లో, బావి గట్ల మీద, ఇంటి ముందు అరుగుల మీద, ఊరి మధ్య రచ్చకట్ట మీద అంతటా ఇదే రాయి. పొలం చుట్టూ కంచెగా నిలువు బండలు పాతిన ఊళ్లు కూడా ఉన్నాయి. మిద్దెల పైకప్పుకు దూలాల మీద బండలు పరిచి, పైన మట్టి వేసి గట్టిపరిచేవాళ్లు. పుట్టినప్పటి నుంచి కాళ్ల కింద ఉన్న వస్తువు కాబట్టి దానికి ధర ఉంటుందని మనకు తోచదు. ఇప్పుడు ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నాల్లో మా హాల్లో చాప కూడా వేసుకోకుండా పడుకునేది ఆ తమ్ముడే. అంగుళం మందం ఉన్న రాయి నేలను అంటిపెట్టుకుని ఉంటుంది కనుక ఒంటి వేడిని లాగేసుకుంటుంది. ఈ ఒక్క సుఖం కోసమైనా బండలు వేయించుకోవచ్చు.

కొనడానికి మేమే స్వయంగా వెళ్లాం. అనంతపురం నుంచి తాడిపత్రి దారి పట్టిన ఎవరికైనా, కిటికీలోంచి చూస్తే రాయి మారిపోవడం తెలుస్తుంది. మా ఊరి చుట్టూ ఉన్నవి గుండ్రటి గుండ్లు, ఒకదాని మీద ఒకటి నిలబడ్డ గ్రానైట్ కొండలు. తాడిపత్రి దగ్గరపడేసరికి అవి మాయమై, పొరలు పొరలుగా పరిచినట్టున్న రాయి కనపడటం మొదలవుతుంది. కడప బేసిన్ అని భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే పెద్ద పళ్లెం అంచు అక్కడ దాటుతాం. ఒకప్పుడు అదంతా సముద్రం. అడుగున పేరుకున్న సున్నపు బురద పొర మీద పొర పడి, బరువుకు గట్టిపడి రాయైంది. దాని వయసు 50 కోట్ల ఏళ్లకు పైమాటే. చేపలు కూడా పుట్టని కాలపు సముద్రం అది. మా స్కూలు పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు వాళ్లు తలుపు దగ్గరి బండ మీద నుంచి కాళ్లు తీసి, వంగి చూస్తారు.

ఈ పొరలన్నిటికీ మన ఊళ్ల పేర్లే పెట్టారు. అడుగున బనగానపల్లె ఇసుకరాయి, పాత రోజుల్లో వజ్రాలు వెతికిన పొర అదే. దాని మీద నార్జి సున్నపురాయి, ఆ పైన అవుకు షేల్ (పెచ్చులుగా ఊడే మట్టిరాయి), పాణ్యం క్వార్ట్‌జైట్ (బాగా గట్టిపడిన ఇసుకరాయి), కోయిలకుంట్ల సున్నపురాయి, అన్నిటికన్నా పైన నంద్యాల షేల్. విలియం కింగ్ అనే ఆయన కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద పుస్తకమే రాశాడు, 1872లో జియలాజికల్ సర్వే వాళ్లు అచ్చు వేశారు. నేను పదో తరగతి చదివేటప్పుడు మా ఊరి పక్క ఊళ్ల పేర్లు ఇలా భూగర్భ శాస్త్రంలో ఉన్నాయని ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నాయన పనిని నేను ఇంకోలా చూసేదాన్ని. మనం నాపరాయి అని ఇంటికి తెచ్చుకునే బండల్లో చాలా భాగం ఆ నార్జి పొరదే. బూడిద రంగు, నలుపు, లేత పసుపు, గోధుమ రంగు, కొన్నిచోట్ల ఆకుపచ్చ ఛాయ ఉంటాయి. కడప బ్లాక్ అని అమ్మే రాయికి ఆ నలుపు అందులో కలిసిన కర్బనం వల్ల వచ్చింది.

పొరలు పొరలుగా పుట్టింది కనుకే ఈ రాయి బండలుగా ఊడివస్తుంది. గ్రానైట్‌ను రంపంతో కోయాలి. నాపరాయికి, పొర ఎక్కడుందో చూసి ఉలి పెట్టి, సమ్మెటతో వరసగా దెబ్బలు వేస్తే చాలు, పలక మొత్తం లేస్తుంది. నాయన దెబ్బ వేసే ముందు సుత్తి వెనకవైపుతో రాయిని తట్టి చెవి దగ్గర పెట్టి వినేవాడు. కంచులా మోగితే మంచి బండ. దబ్‌మని మూగగా వస్తే లోపల ఎక్కడో సన్న పగులు ఉన్నట్టు, అది పరిచిన మొదటి ఏడాదే విరుగుతుంది. కొనేవాళ్లందరికీ నేను ఇచ్చే మొదటి సలహా ఇదే. పాలిష్ ఫ్యాక్టరీలో మెరుపు చూసి మోసపోకండి, ఒక్కో బండనూ అంచు మీద నిలబెట్టి వేలి ఎముకతో తట్టి వినండి. రెండోది, అంచును పక్క నుంచి చూడండి. పొరల గీతలు బండ ముఖానికి సమాంతరంగా సాగిపోవాలి. ఏటవాలుగా ఉన్నా, మధ్యలో మట్టి గీత కనపడినా అది తర్వాత పెచ్చులుగా లేస్తుంది.

మాకు అమ్మినవాళ్ల పేరు రాయను. పైవరస బండలు అంగుళం మందం చూపించారు, రంగు కూడా ఒకేలా ఉంది. లారీ అనంతపురం వచ్చి దించుతుంటే లోపలి కట్టల్లో సగం మందమే ఉన్నవి బయటపడ్డాయి, మూలలు విరిగినవి కూడా ఉన్నాయి. ఫోన్ చేస్తే గని రాయి అట్లే ఉంటుంది మేడమ్ అన్నారు. గని రాయి ఎలా ఉంటుందో గనిలో పనిచేసిన మనిషి కూతురికి వాళ్లు చెప్పడం నాకు చాలా కష్టంగా అనిపించింది. మందం వేరుగా వస్తే వేరుగా పేర్చి, వేరు ధరకు అమ్మే పద్ధతి గనుల్లో ఎప్పటి నుంచో ఉంది. చివరికి పల్చటివన్నీ స్కర్టింగ్‌కు (గోడ అడుగున వేసే పట్టీకి), గూళ్లకు వాడుకున్నాం. తక్కువపడిన వాటికి మళ్లీ డబ్బు పెట్టాం.

మా మేస్త్రీది తాడిపత్రి. ఆయన పరిచేటప్పుడు నేను సెలవు పెట్టి మరీ చూశాను. బండ అడుగు భాగాన్ని నీళ్లతో తడిపి, గంప మాలు సమంగా పరిచి, కొయ్య సుత్తితో తట్టుకుంటూ కూర్చోబెడతాడు. సందులు మరీ సన్నగా వదలడు, నూలుపోగంత ఖాళీ ఉంచి తర్వాత వైట్ సిమెంట్‌లో రంగు కలిపి నింపుతాడు. "ఎండకు రాయి సాగుతాది మేడమ్, సందు లేకుంటే లేచి కూసుంటాది," అన్నాడు. పాలిష్ మిషన్ పని పదును కొద్దీ ఉంటుంది. ముతక రాయితో మొదలుపెట్టి నున్నటి రాయితో ముగించాలి. మధ్యలో ఒక దశ ఎగ్గొట్టినా ఆ గీతలు ఎప్పటికీ పోవు. ఖర్చు విషయానికొస్తే, బండ ధర టైల్స్ కన్నా తక్కువ, పరుపుడు కూలీ, పాలిష్ కూలీ ఎక్కువ. రెండూ కలిపితే మధ్యరకం టైల్స్‌తో ఇంచుమించు సమానమవుతుంది. చౌక అనుకుని దిగకండి.

ఇక అసలు సంగతికి వస్తాను. గృహప్రవేశానికి వారం ముందు, వరండాలో పడ్డ రంగు చుక్కలు పోవడానికని రంగులేసే మనిషి ఒకతను బాత్‌రూమ్ యాసిడ్ తెచ్చి బండల మీద పోశాడు. బుసబుసమని నురగ వచ్చింది. నేను పరుగెత్తుకొచ్చి నీళ్లు కుమ్మరించేలోపు పాలిష్ మొత్తం తిని, తెల్లగా, గరుకుగా అయిపోయింది. అతని తప్పని నేను అనను, అతనికి ఎవరూ చెప్పలేదు. టైల్స్‌కు ఏమీ కాదు, గ్రానైట్‌కు కూడా అంతగా కాదు. సున్నపురాయికి మాత్రం పులుపన్నది పడదు. యాసిడ్ దాకా అక్కర్లేదు, నిమ్మకాయ పిండిన చేతి చుక్క, చింతపండు పులుసు, ఒలికిన మజ్జిగ, టమాటా రసం, వీటిలో ఏది పడి కాసేపు ఉన్నా అక్కడ మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. అది పైన పట్టిన మరక అనుకుని కొందరు ఇంకా గట్టి యాసిడ్‌తో తోముతారు. పైన పట్టింది ఏమీ లేదు, కింద రాయే కరిగిపోయింది.

రాయి కరగడమేమిటి అని ఆశ్చర్యపోయేవాళ్లు ఒకసారి బెలూం గుహలకు వెళ్లిరావాలి. ఇది మా బండల సొంతూరే. కొలిమిగుండ్ల మండలంలో, చుట్టూ చదునైన పొలాల మధ్య ఉంది. ఇప్పుడు నంద్యాల జిల్లా కిందికి వచ్చింది, నాకైతే కర్నూలు జిల్లా అనే నోటికి వస్తుంది. తాడిపత్రి నుంచి ముప్పై కిలోమీటర్లు. కొండ ఎక్కాలని ఊహించుకుని వెళ్తే అక్కడ కొండే లేదు, నేలలో ఒక గుంత, దాంట్లోకి మెట్లు. కింద 3,229 మీటర్ల పొడవున సొరంగాలు కనుక్కున్నారు, మన దేశపు మైదాన ప్రాంతాల్లో ఇంత పొడవైనది ఇంకోటి లేదు. అందులో ఒకటిన్నర కిలోమీటరు దాకా మనల్ని చూడనిస్తారు.

లోపలికి దిగాక గైడు చెప్పే ఆకారాల కన్నా ముందు గోడలు చూడండి. నేను చేసిన మొదటి పని అదే. మా హాల్లో ఉన్న రంగే, మా హాల్లో ఉన్న పొరల గీతలే. గోడలో పక్కవాటుగా సాగే ఆ గీతల వెంట, నిలువుగా దిగిన పగుళ్ల వెంట నీరు దారి చేసుకుంది. వాన నీరు గాలిలోంచి కొంచెం, చెట్ల వేర్లున్న మట్టిలోంచి ఇంకా ఎక్కువ కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుంటుంది. అప్పుడు అది పల్చటి సోడా నీళ్ల లాంటి ఆమ్లం అవుతుంది. నిమ్మరసంతో పోలిస్తే దాని పులుపు లెక్కలోకి రాదు. కానీ దానికి లక్షల ఏళ్లు టైముంది. పగులులోకి దిగిన నీరు రెండు వైపులా రాయిని కొంచెం కొంచెంగా కరిగించి తీసుకుపోతుంది. పగులు వేలంత అవుతుంది, తర్వాత మనిషి పాకేంత, తర్వాత మనం నిలబడి నడిచేంత. బెలూంలో దారులు ఒకదానికొకటి అడ్డంగా కలుస్తూ వీధుల మాదిరి ఎందుకు ఉంటాయంటే, నీరు రాతిలోని పాత పగుళ్లను వదలకుండా పోయింది. గోడలు నున్నగా, వంపులు తిరిగి ఉండటం కూడా ప్రవాహం పనే. మా మేస్త్రీ మిషన్‌తో చేసిన పాలిష్‌ను నీరు చేతులు లేకుండా చేసింది.

కరిగిన సున్నం ఎక్కడికి పోతుందనేది రెండో సగం. పైకప్పు నుంచి బొట్టు వేలాడుతుండగా అందులోని కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. పులుపు తగ్గగానే నీరు ఇక సున్నాన్ని మోయలేదు, వెంట్రుకంత పొరగా అక్కడే వదిలేస్తుంది. అలా పైనుంచి దిగినవి ఊడలు, కింద పేరుకున్నవి లింగాలు. కోటిలింగాలు, ఊడలమర్రి, వేయిపడగలు అని అక్కడ పేర్లు పెట్టినవన్నీ ఇలా పుట్టినవే. మా ఇంట్లో బోరు నీళ్లు కాచిన గిన్నె లోపల పట్టే తెల్లటి పొర కూడా ఇదే సున్నం. సప్తస్వరాల గుహ అనేచోట ఊడలను తడితే మోగుతాయి. నాయన గనిలో విన్న ఆ కంచు మోతే అది. అయితే మేం వెళ్లిన రోజు ఎవరో ఒకాయన నాణెంతో కొడుతూ పిల్లలకు చూపిస్తున్నాడు. దయచేసి అలా చేయకండి. మన చేతి జిడ్డు పట్టినా బొట్టు అక్కడ సున్నం వదలదు, ఊడ పెరగడం ఆగిపోతుంది. మన వేలు తగిలిన చోట మళ్లీ రాయి పేరుకోవాలంటే మన మనవళ్ల మనవళ్ల కాలం చాలదు. గోడల మీద పేర్లు చెక్కినవాళ్ల గురించి రాయాలంటేనే నాకు గొంతు పట్టేస్తోంది.

పాతాళగంగ దాకా వెళ్లండి, మోకాళ్లు బాగుంటే. ప్రవేశం నుంచి 46 మీటర్ల లోతు. అక్కడ ఒక సన్నటి ధార కనపడి, మళ్లీ రాతిలోకి దూరిపోతుంది. ఆ నీరు బెలూం ఊరి బావిలో తేలుతుందని అక్కడివాళ్ల నమ్మకం. లోపల గాలి ఆడటానికి గొట్టాలు పెట్టారు, దీపాలు ఉన్నాయి, అయినా ఉక్కపోత గట్టిగా ఉంటుంది. నూలు బట్టలు వేసుకోండి, ఆయాసం ఉన్నవాళ్లు పైభాగం చూసి తిరిగొచ్చేయండి. ఇంగ్లీషువాళ్లలో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1884లోనే ఈ గుహ గురించి రాశాడు. తర్వాత దాదాపు వందేళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, చుట్టుపక్కలవాళ్లు చెత్త పారేసే గుంతగా మిగిలింది. 1980ల మొదట్లో డేనియల్ గెబావర్ అనే జర్మన్ ఆయన బృందంతో వచ్చి లోపల పాకి, కొలిచి, పటం గీశాడు. ఊరివాళ్లు కొందరు పట్టువదలకుండా తిరిగితే 1988లో ప్రభుత్వం దాన్ని రక్షిత ప్రదేశంగా ప్రకటించింది, 2002లో జనానికి తెరిచారు. మనకంటే చాలా ముందు బౌద్ధ, జైన సన్యాసులు ఇక్కడ ఉన్నారు. బౌద్ధుల గుర్తుగానే బయట గుట్ట మీద పెద్ద బుద్ధ విగ్రహం పెట్టారు.

బేతంచెర్ల బండలు కొనేవాళ్లకు అక్కడి బిళ్ళసర్గం గవుల సంగతి కూడా తెలియాలి. ఊరికి దగ్గర్లోనే ఉన్నాయి. మా వైపు గుహను గవి అంటాం. 1844లో న్యూబోల్డ్ అనే సైనికాధికారి అక్కడ ఎముకలు చూశాడు. 1884లో ఫూట్, ఆ తర్వాత సైన్యంలో పనిచేసే ఆయన కొడుకు హెన్రీ, మట్టి పొరలు తవ్వితే జంతువుల ఎముకలు కుప్పలుగా బయటపడ్డాయి. ఇప్పుడు మన జిల్లాల్లో వెతికినా కనపడని జంతువులవి కూడా ఉన్నాయి. వాటిని పరిశీలించిన లిడెక్కర్ అనే శాస్త్రవేత్త ఒక ఖడ్గమృగానికి మన కర్నూలు పేరే పెట్టాడు. కర్నూలు నేల మీద ఖడ్గమృగాలు తిరిగాయంటే మా తొమ్మిదో తరగతి పిల్లలు మొదట నమ్మలేదు. తర్వాత ఆ పీరియడ్ మొత్తం ప్రశ్నలతోనే అయిపోయింది. ఎముకలు అంతకాలం ఎలా నిలిచాయనేది ఒక పాప అడిగింది. మామూలు మట్టిలో వానల పులుపు ఎముకను కరిగించేస్తుంది. సున్నపురాతి గవిలో ఆ పులుపును రాయే ముందు తినేస్తుంది, కాబట్టి ఎముక బతుకుతుంది. ఏ గుణం వల్ల మా వరండా పాడైందో ఆ గుణమే ఖడ్గమృగాన్ని దాచిపెట్టింది. అదే బేతంచెర్ల వైపున్న ముచ్చట్ల చింతమాను గవిలో పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి తవ్విస్తే ఎముకలతో చేసిన పనిముట్లు, పొయ్యి గుర్తులు దొరికాయి. అవి పదిహేడు వేల ఏళ్ల కిందటివని లెక్కకట్టారు. అప్పటివాళ్లు ఎండకు, వానకు తలదాచుకున్నది ఈ రాతి కిందే.

బనగానపల్లె దగ్గర జ్వాలాపురం ఇంకా వెనక్కి తీసుకుపోతుంది. సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం 74 వేల ఏళ్ల కిందట పేలినప్పుడు ఎగిరిన బూడిద ఇక్కడి జుర్రేరు లోయలో పడి పేరుకుంది, కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా. ఆ బూడిద కింద రాతి పనిముట్లున్నాయి, పైనా ఉన్నాయి, అంటే ఆ పేలుడుకు ముందూ తర్వాతా ఇక్కడ మనుషులున్నారన్నమాట. పురావస్తు శాస్త్రవేత్తలు రవి కొరిశెట్టార్, మైకేల్ పెట్రాగ్లియా బృందం 2007లో ఈ విషయం ప్రకటించింది. బండల కోసం బనగానపల్లె మీదుగా పోయేవాళ్లు ఒక గంట కేటాయిస్తే చాలు.

నీటి సంగతి ఒకటి చెప్పాలి, ఇల్లు కట్టేవాళ్లకు అవసరం. సున్నపురాతి నేల మీద వాన నీరు నిలవదు, పగుళ్లలో దిగిపోతుంది, ఎక్కడో బుగ్గగా పైకి వస్తుంది. యాగంటి గుడిలో నంది నోట్లోంచి పుష్కరిణిలోకి ఏడాది పొడుగునా పడే నీళ్లను చూసిన ప్రతిసారీ నేను ఆ గుట్టల లోపలి దారులనే ఊహించుకుంటాను. దణ్ణం పెట్టుకుంటూనే ఊహించుకుంటాను, రెండింటికీ తగవు లేదు. ఇలాంటి నేలకు ఇంకో ముఖం ఉంది. 2015 చివర్లో పెద్ద వానల తర్వాత కడప పక్కన చింతకొమ్మదిన్నె మండలంలో పొలాల్లో నేల ఉన్నట్టుండి గుంతలుగా కుంగింది. బోర్లు తోడేసి భూమిలో నీళ్లు బాగా దిగిపోయిన చోట, కింద రాతిలోని ఖాళీల్లోకి వాన నీరు పైమట్టిని లాక్కుపోతే అలా జరుగుతుంది. మీ స్థలం సున్నపురాతి నేల మీద ఉంటే పునాది తవ్వేముందు మట్టి పరీక్ష చేయించండి. ఇంకుడు గుంత గోడకు ఆనించి తవ్వకండి.

మా అవ్వ వాళ్ల కాలంలో ఈ రాయిని బట్టీలో కాల్చి సున్నం తీసేవాళ్లు. తొమ్మిది వందల డిగ్రీల వేడికి రాయిలోని కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, మిగిలిన దాని మీద నీళ్లు పోస్తే కుతకుత ఉడుకుతుంది. దాన్ని ఇసుకతో కలిపి గానుగలో ఆడిస్తే గోడకు మాలు. గోడకెక్కాక ఆ సున్నం గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా పీల్చుకుని మళ్లీ సున్నపురాయే అవుతుంది. పాత మిద్దెల గోడలు పగలగొట్టేటప్పుడు గడ్డపార ఎగిరిపడేది అందుకే. ఇప్పుడు అదే రాయి సిమెంట్ ఫ్యాక్టరీలకు పోతోంది. తాడిపత్రి, ఎర్రగుంట్ల, కొలిమిగుండ్ల వైపు పోతే చిమ్నీలు కనపడని దిక్కు లేదు.

నాకు బాధ కలిగించేది పాలిష్ యూనిట్ల నుంచి వచ్చే తెల్లటి బురద. కొన్నిచోట్ల రోడ్ల పక్కన, వంకల్లో పోసేస్తున్నారు. ఎండితే దుమ్ము, తడిస్తే జారుడు, చేలో పడితే నీరు ఇంకదు. వాన నీరు దారి వెతుక్కునే పగుళ్లను మూసేది కూడా అదే. మా నాయన తరం మనుషులు ఆ దుమ్ములోనే ముక్కుకు తువ్వాలు చుట్టుకుని పనిచేశారు. ఇప్పటికీ మాస్కు లేకుండా కట్టర్ పట్టుకున్న పిల్లోళ్లను చూశాను. బండలు కొనేటప్పుడు నేను ఇవి రెండూ అడిగాను, బురద ఎక్కడ పోస్తారు, పనివాళ్లకు మాస్కులు ఇస్తున్నారా అని. కొనేవాళ్లందరూ అడిగితే అమ్మేవాళ్లు వింటారనే నమ్మకం నాకుంది. మీరు కూడా అడగండి.

వాడకం గురించి చివరగా. రోజూ తుడవడానికి మామూలు నీళ్లు చాలు, వారానికోసారి కొంచెం సబ్బు నీళ్లు. ఫినాయిల్ పేరుతో అమ్మేవాటిలో యాసిడ్ కలిసినవి ఉంటాయి, సీసా మీద చదివి కొనండి. కడప బ్లాక్ వేయించుకున్నవాళ్లు అది రానురాను బూడిద రంగుకు తిరుగుతుందని గుర్తుంచుకోవాలి, అప్పుడప్పుడు కొబ్బరి నూనె గుడ్డతో రుద్దితే నలుపు తిరిగొస్తుంది. బాత్‌రూమ్‌లో, మెట్ల మీద పాలిష్ బండ వద్దు, తడిస్తే జారుతుంది, చేత్తో చెక్కిన గరుకు బండ వేయించండి. వంటగట్టుకు నాపరాయి అసలు వద్దు. రాయలసీమ వంటింట్లో చింతపండు లేని పూట ఉండదు, అక్కడ గ్రానైట్ వేయించుకోండి. యాసిడ్ పడ్డ మా వరండా ఏమైందో కూడా చెబుతున్నా, మేస్త్రీ మళ్లీ మిషన్ పెట్టి పైపొర అరగదీశాడు, కింద రాయి కొత్తగా వచ్చింది. టైల్ పాడైతే పగలగొట్టాల్సిందే, బండ పాడైతే అరగదీసుకోవచ్చు.

పై అంతస్తులో గది వేసేటప్పుడు మళ్లీ బేతంచెర్లకే పోతాం, ఈసారి లేత పసుపు రంగు తీసుకుందామని ఇంట్లో అందరం అనుకున్నాం. డబ్బు మాత్రం లారీలోంచి కట్టలన్నీ దించి, విప్పి, మందం కొలిచాకే ఇస్తాం.